మోకాటి వాపు, మేనమామ ప్రశ్న

ఐరోపా వైద్యులు ఒకప్పుడు కీళ్ల క్షయను ‘తెల్ల కణితి’ అని అర్థం వచ్చే లాటిన్ పేరుతో పిలిచేవారు. ఎర్రబారకుండా ఉబ్బిన మోకాలు కనిపిస్తే చాలు, ఆ పేరే పెట్టేవారు. ఆ తొందరపాటుకు ప్రాణాలు పోయాయి. 1892లో గోటింగెన్ శస్త్రవైద్యుడు ఫ్రాంజ్ కోనిగ్, క్షయ అనుకుని తాను కీలు కోసిన ఇద్దరు నెత్తురు ఆగక చనిపోయారని స్వయంగా రాశాడు. వాళ్లకున్నది నెత్తురు సరిగా గడ్డకట్టని జబ్బు హీమోఫీలియా. కీలులోకి నెత్తురు దిగడం, లోపలి పొర వాచిపోవడం, చివరికి కీలు బిగుసుకుపోవడం అని ఆ జబ్బు నడకను మూడు దశలుగా వివరించిందీ ఆయనే. తన తప్పును దాచుకోని ఆ వ్యాసం తర్వాత ఎందరు పిల్లల్ని కత్తి నుంచి కాపాడిందో లెక్కకట్టలేం.

1918లో స్టార్కర్ అనే వైద్యుడు ఇదే జబ్బులో మరో చిక్కును బయటపెట్టాడు. కండలోనో ఎముకలోనో నెత్తురు పదేపదే చేరి గడ్డకట్టి, ఎముకను తినేస్తుంది. ఎక్స్‌రేలో అది అచ్చం క్యాన్సర్‌లా కనిపిస్తుంది. నిర్ధారణ కోసం ముక్క తీస్తే నెత్తురు ఆగదు.

ఇక ఈ జబ్బు వంశంలో వచ్చే తీరు. హీమోఫీలియా వంశానుక్రమాన్ని లెక్కల్లోకి తెచ్చిన జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడ్డాడు. ఆయన శిష్యుడు, పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, సహ పరిశోధకుడు మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రలోని మేనరికాలను అధ్యయనం చేసి 1960లలో ప్రచురించాడు. ఈ అనంతపురం సీమలో మేనమామకు పిల్లనివ్వడం పాత ఆచారమే. బిడ్డకు ఏ పుట్టు జబ్బు వచ్చినా నింద మేనరికం మీదే పడుతుంది. హీమోఫీలియా విషయంలో ఆ నింద అన్యాయం. జన్యులోపం ఉండేది ఎక్స్ క్రోమోజోము మీద. కొడుక్కి ఆ క్రోమోజోము తల్లి నుంచే వస్తుంది. ఆమె మేనమామను చేసుకున్నా, పరాయివాణ్ణి చేసుకున్నా కొడుక్కి జబ్బు వచ్చే అవకాశం మారదు. ఇందుకు భిన్నంగా, తుంటి, మోచేతుల దగ్గర సున్నపు గడ్డలు కట్టే కుటుంబ వ్యాధి ఒకటుంది. దాని జన్యువుల్లో ఒకటైన గాల్ఎన్‌టీ3ని 2004లో గుర్తించారు. అది తల్లిదండ్రులిద్దరి నుంచీ రావాలి కాబట్టి అక్కడ మేనరికం పాత్ర నిజమే.

మోకాలు ఉబ్బి, ముట్టుకుంటే వెచ్చగా ఉన్న పిల్లవాణ్ణి చంకనేసుకొచ్చిన తల్లి “దెబ్బేం తగల్లేదు సార్” అంటే, డాక్టరు అడగాల్సిన మొదటి మాట “నీ అన్నదమ్ములకు ఎవరికైనా ఇట్లా ఉండేదా అమ్మా?” అనే. ఆ జవాబుకు ఖర్చు లేదు. అయితే దాదాపు మూడో వంతు కేసుల్లో లోపం కొత్తగా పుడుతుంది, కుటుంబంలో ఆనవాలే ఉండదు. అందుకే నెత్తురు గడ్డకట్టే సమయాన్ని కొలిచే ఏపీటీటీ రక్తపరీక్ష కూడా కావాలి.

కీలు వాచిన మగబిడ్డతో ఆసుపత్రికి వెళ్లేవాళ్లు, సూది గుచ్చకముందే మేనమామల సంగతి చెప్పండి. ఏపీటీటీ పరీక్ష చేయించమని అడగండి.