టైంటేబుల్‌లో దాగిన నగర చరిత్ర

రైల్వే టైంటేబుల్ చూడటానికి అంకెల పట్టికే. కానీ ఒక నగరం ఎలా జీవిస్తుందో ఆ అంకెలే చెబుతాయి. ముంబై లోకల్ రైళ్లను ఉదాహరణగా తీసుకుందాం.

1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణేకు మన దేశపు తొలి ప్రయాణికుల రైలు నడిచింది. కాలక్రమంలో నివాసాలు ఉత్తర శివార్లకు విస్తరించాయి. కార్యాలయాలు ఎక్కువగా దక్షిణ కొసనే ఉండిపోయాయి. అందువల్ల ఉదయం జనప్రవాహం దక్షిణానికి, సాయంత్రం ఉత్తరానికి సాగింది.

ఆవిరి రైలు గమ్యం చేరాక ఇంజనును విప్పి రెండో కొసకు తగిలించాలి. 1925 ఫిబ్రవరి 3న విక్టోరియా టెర్మినస్–కుర్లా మధ్య ప్రారంభమైన విద్యుత్ రైలుకు ఆ అవసరం లేదు. డ్రైవరు రెండో కొసకు వెళ్తే చాలు, రైలు వెనుదిరుగుతుంది. వేగమూ త్వరగా అందుకుంటుంది. కాబట్టి ఆ పట్టాల మీదే ఎక్కువ రైళ్లు నడపగలిగారు.

అయితే దీనికీ హద్దు ఉంది. రెండు రైళ్ల మధ్య, వెనుక రైలు సురక్షితంగా ఆగేంత దూరం ఉండాలి. మూడు నిమిషాలకొక రైలు అనుకుంటే గంటకు 20 మాత్రమే. ఆ 20 ఎవరికి? దూరం నుంచి వచ్చేవారికి ఫాస్ట్ రైలు కావాలి. అది ఆగని స్టేషన్ల వారికి స్లో రైలే దిక్కు. ఒకే పట్టాల మీద స్లో వెనుక ఫాస్ట్ చిక్కుకుపోతుంది. అందుకే ముఖ్య మార్గాల్లో రెండింటికీ వేర్వేరు పట్టాలు ఏర్పరచారు.

ఉద్యోగాలకు వెళ్లే మహిళల సంఖ్య పెరిగింది. ప్రత్యేక పెట్టెలు చాలలేదు. 1992 మే 5న చర్చిగేట్–బోరివిలి మధ్య పూర్తిగా మహిళల కోసమే ఒక రైలు మొదలైంది. సమాజంలోని మార్పు టైంటేబుల్‌లోకి ఎక్కిందన్నమాట!

2017 డిసెంబరు 25న ఏసీ లోకల్ వచ్చింది. దాని తలుపులు మూసుకుంటాయి కనుక వేలాడుతూ జారిపడే ప్రమాదం ఉండదు. కానీ టికెట్టు ధర ఎక్కువ. మామూలు రైలును తీసి ఆ సమయంలో ఏసీ రైలు నడిపితే, పేద ప్రయాణికుడు తర్వాతి రైలులో మరింత కిక్కిరిసి ఎక్కవలసిందే. 2022 ఆగస్టులో కల్వా, బద్లాపూర్‌లలో ప్రయాణికులు నిరసన తెలిపారు. మధ్య రైల్వే పది ఏసీ సర్వీసులను వెనక్కి తీసుకుంది.

కాబట్టి గుర్తుంచుకోండి: రద్దీవేళ ఒకరికిచ్చిన నిమిషాలు మరొకరి నుంచి తీసుకున్నవే. మీ ఊరి బస్టాండులో ఒక గంట నిలబడి బస్సుల వేళలు, ఎక్కలేక మిగిలిపోయినవారి సంఖ్య రాసుకోండి. ఆ వేళలు ఎవరి కోసం నిర్ణయించారో మీకే తెలుస్తుంది.