బియ్యంలో గుడ్లు

చెప్పులు అరుగు కింద విడిచి లోపలికి రండి. తల కాస్త వంచండి, మా అక్క వాళ్ళ ద్వారబంధం పొట్టిది. ఆదివారం మధ్యాహ్నం రెండున్నర అయింది. మండపేటలో ఈ వేళకి వీధి వీధంతా కునుకు తీస్తుంది. ఈ ఇంట్లో మాత్రం ఎవరూ పడుకోలేదు. మా మేనల్లుడు సాయంత్రం బస్సుకి రాజమండ్రి వెళ్ళాలి. అక్కడ ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతున్నాడు. వాడి వారం తిండంతా ఇప్పుడు హాల్లో చాప మీద పరిచి ఉంది.

చాప ఆ చివర కూర్చోండి, అన్నీ కనిపిస్తాయి. పాత హార్లిక్స్ సీసాలో ఆవకాయ. ముక్క మునిగేదాకా నూనె పోసింది అక్క, పైకి తేలిన ముక్కకి బూజు పడుతుందని. మూత కింద పాలిథిన్ ముక్క వేసి రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిప్పింది. స్టీలు డబ్బాలో కందిపొడి. ఇంకోదాంట్లో సున్నుండలు, లెక్కకి పన్నెండు. గదిలో ఉండేది నలుగురు, తలా మూడు. పెరట్లో చెట్టువి రెండు కొబ్బరికాయలు. ఒక కవరులో మిల్లు నూకలు, ఉప్పుడు పిండికి. అన్నిటికీ మధ్యలో బియ్యం సంచి, పది కిలోలు.

మావాడు సంచిలో చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీసి నోట్లో వేసుకున్నాడు.

"పాతవేనా అమ్మా?"

"కిందటేడువిరా. స్వర్ణ. నీకు కొత్తవి ఎప్పుడిచ్చాను?"

ఇది రుచి గురించి అడిగిన మాట కాదు. కొత్తబియ్యం కరెంటు కుక్కర్లో పడేస్తే ముద్దయిపోతాయి, నీళ్ళ కొలత తెలియని కుర్రాళ్ళ చేతిలో అయితే జావే. పాతబియ్యం ఒదుగుతాయి. అదే గిద్దెడు బియ్యానికి గిన్నె నిండుతుంది. ఎటు చూసినా రైసు మిల్లులుండే ఊళ్ళో పుట్టినవాడు గింజ కొరికి చెప్పేస్తాడు. స్వర్ణ అంటే మన మారుటేరు పరిశోధనా స్థానం ఇచ్చిన ఎంటీయూ 7029. 1982 నుంచి గోదావరి జిల్లాల్ని దాటి ఎన్నో రాష్ట్రాల పొలాల్లోకి పాకింది. పట్నాల్లో సన్నబియ్యం ముందు దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, ఆకలిగా ఉన్న ఇరవైరెండేళ్ళ కుర్రాడికి రాత్రి పది దాకా కడుపులో నిలబడే అన్నం ఇదే.

ఇప్పుడు అక్క చేతుల్ని చూడండి. సంచిలో బియ్యం సగం చేటలోకి ఒంపేసింది. మిగిలిన బియ్యం మీద గుడ్లు ఒక్కొక్కటే పడుకోబెడుతోంది, ఒకదానికొకటి తగలకుండా, మధ్యలో వేలు పట్టేంత సందు ఉంచి. ఒక వరస పరిచి పైన రెండు గుప్పిళ్ళ బియ్యం, మళ్ళీ ఒక వరస. ఇరవై గుడ్లు అలా మునిగిపోయాయి. పైన చేటలో బియ్యం పోసి సంచి మూతి బిగించి కట్టింది. బస్సు ఎంత గోతిలో పడ్డా ఒక్కటీ చితకదు.

"మావయ్యా, వీటిని తీసి కుక్కర్లో వేసేటప్పుడు బియ్యంలో చెయ్యి పెట్టి వెతుక్కోవాలి. నిధి దొరికినట్టుంటుంది," అన్నాడు వాడు.

మండపేట, అనపర్తి చుట్టుపక్కల కోళ్ళఫారాలు ఎన్నో మీకు తెలుసు. నెక్ సంస్థ రోజూ ప్రకటించే గుడ్ల ధరల పట్టికలో తూర్పు గోదావరికి విడిగా ఒక వరస ఉంటుంది. ఇక్కడినుంచి గుడ్లు రైళ్ళూ లారీలూ ఎక్కి ఎక్కడెక్కడికో పోతాయి. ఫారం దగ్గర చిట్లిన గుడ్లు చవగ్గా ఇస్తారు. అక్క అవీ తెచ్చింది, ఇవీ తెచ్చింది. చిట్లినవి వంటింట్లో గిన్నెలో ఉన్నాయి, ఈ రాత్రికి తనకీ బావగారికీ. గట్టివి సంచిలోకి వెళ్ళాయి. ఆ మాట అక్క చెప్పదు. గిన్నె మీద పళ్ళెం మూతేసి ఉంది కాబట్టి మావాడు చూడలేదు. నేను చూశాను.

మంచం మీద పడుకున్నారనుకున్న అక్క అత్తగారు ఇటు తిరిగారు. ఎనభై దాటిన మనిషి. ఈ సంచి సర్దుడు చూసినప్పుడల్లా ఆవిడకి వారాలు గుర్తొస్తాయి.

"మా మావగారు రాజమండ్రిలో చదివింది వారాలు చేసుకుని. సోమవారం ఒకరిల్లు, మంగళవారం ఒకరిల్లు. ఏడిళ్ళు కుదరాలి. ఐదే కుదిరితే రెండ్రోజులు మంచినీళ్ళే. ఆ ఇంటావిడ పుట్టింటికెళ్ళిందంటే ఆ వారం కూడా పస్తే."

ముక్కూ మొహం తెలియని ఇంటి వీధరుగు మీద, ఎప్పుడు పిలుస్తారా అని పుస్తకం అడ్డం పెట్టుకుని కూర్చున్న పదహారేళ్ళ పిల్లాణ్ణి ఒక్కసారి చూడండి. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తుంది. పుస్తకంలో అక్షరం ఎక్కదు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి మూలం 1853లో పెట్టిన బడి. చుట్టుపక్కల పల్లెల్లోంచి ఆ ఊరికి చదువుకోసం నడిచొచ్చిన పిల్లలు ఎందరో ఇలా అరుగులెక్కినవాళ్ళే. మరోమాట కూడా చెప్పాలి. ఆ ఏడిళ్ళ తలుపులు అందరికీ తెరుచుకోలేదు. కులం అడిగాకే ఆకు వేసేవారు. ఏ అరుగూ ఎక్కనివ్వని పిల్లలు చదువే మానుకున్నారు. వారాల్ని తలుచుకుని కళ్ళు చెమర్చుకునేటప్పుడు ఆ పిల్లల్ని మర్చిపోతే అబద్ధం చెప్పినట్టే.

ముసలావిడ లేచి కూర్చున్నారు. "అందుకే కదా మన సీతమ్మగారిని దేవతంటారు. ఎవరని అడిగేది కాదు. మన ఊరి ఆడపడుచురా!"

నిజమే. డొక్కా సీతమ్మ 1841లో పుట్టింది ఈ మండపేటలోనే. నాన్న అనుపిండి భవానీశంకరం. వచ్చినవాడికల్లా అన్నం పెట్టి పెట్టి, ఊళ్ళో ఆయన పేరే బువ్వన్న అయిపోయింది. ఆవిడ లంకల గన్నవరం కోడలై వెళ్ళి, 1909లో కన్నుమూసేదాకా గోదావరి పాయలు దాటే బాటసారులకి వేళాపాళా లేకుండా వండి వడ్డించింది. ఆ పుణ్యం దొరల దాకా పాకి, ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక వేడుకకి ఆవిడ ఫొటో అడిగి తీసుకెళ్ళారు. కానీ ముసలావిడ చెప్పేది ఆ సంగతి కాదు. గోదావరి జిల్లాల్లో ఇంటింటా చెప్పుకునే ఇంకో కథ.

"ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికని పల్లకీలో బయల్దేరిందట. దారిలో చెట్టుకింద ఆగితే, అవతల ఓ పెళ్ళివారి గుంపు. పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. పెద్దవాళ్ళేమో, ఊరుకోండర్రా, ఇంకాస్త దూరం, సీతమ్మగారింటికి వెళ్తే అన్నం పెడుతుంది, అంటున్నారట. అంతే. దర్శనమూ లేదు, ఏమీ లేదు. పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్ళకంటే ముందు ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది."

మావాడు ఈ కథ వందసార్లు విని ఉంటాడు. అయినా తాడు ముడి వేస్తున్న చెయ్యి ఆపి విన్నాడు.

ఇక లేవండి, బస్సు వేళయింది. సంచి నేనొక చెవి, వాడొక చెవి పట్టుకున్నాం. కలువపువ్వు సెంటరు దాటి బస్టాండుకి చేరేసరికి చొక్కా తడిసింది. కిటికీ పక్క సీటు మీకే. తాపేశ్వరంలో మడతకాజాల కొట్ల ముందు బస్సు నెమ్మదించగానే నేతివాసన లోపలికి కొడుతుంది. నలుగురు దిగి పొట్లాలు కట్టించుకొస్తారు. మావాడు దిగడు. ద్వారపూడి, కాలవగట్టు, కడియం నర్సరీల పచ్చదనం. వాడి కాళ్ళు రెండూ బియ్యం సంచికి అటూ ఇటూ ఆనించే ఉన్నాయి.

చీకటి పడ్డాక లాలాచెరువు వైపు ఒక డాబా మీద గది. మెట్లు నిటారుగా ఉన్నాయి, గోడ పట్టుకోండి. లోపల నాలుగు చాపలు, ఒక కరెంటు కుక్కరు, ఒక చిన్న గ్యాస్ స్టవ్. గోడ మీద పెన్సిలుతో ఏదో పట్టిక. దగ్గరికెళ్ళి చదవండి. సోమవారం మండపేట. మంగళవారం రావులపాలెం. బుధవారం రంపచోడవరం. శుక్రవారం అంతర్వేది. శనివారం ఎవరిళ్ళకి వాళ్ళు.

నాకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత ఒళ్ళు జలదరించింది. ఇవి వారాలే! ఏడిళ్ళకి పిల్లాడు తిరగడం పోయి, నాలుగిళ్ళు ఈ గదికే వచ్చాయి. సోమవారం మా అక్క బియ్యంలో గుడ్లు, కందిపొడి. మంగళవారం రావులపాలెం కుర్రాడు మోసుకొచ్చిన అరటికాయలు, వాళ్ళది అరటి మార్కెట్టు ఊరు మరి. బుధవారం రంప కుర్రాడి మన్యపు కందిపప్పు, కొత్త చింతపండు పులుసు. శుక్రవారం అంతర్వేది కుర్రాడి ఎండు మెత్తళ్ళు, డాబా మీద ఆరుబయట వేయించాలి, గదిలో అయితే వాసన వారం పోదు. వాళ్ళ కులాలేమిటో ఆ గోడ మీద ఎక్కడా లేదు. ఊళ్ళే ఉన్నాయి.

"ఇంతకీ మీకు ఏం తినాలనుంటుందిరా?" అని అడిగాను.

నలుగురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. బిరియానీ అంటారనుకున్నాను. రంప కుర్రాడు మెల్లిగా చెప్పాడు: "రోజుకి ఒక్కసారి వేడన్నం అండి. ఏదో ఒక కూర. ఆఖర్లో పెరుగు. అంతకంటే ఆశ లేదండి."

లెక్క వాళ్ళ వేళ్ళ మీదే ఉంది. సందు చివర కర్రీ పాయింటులో కూర ప్యాకెట్టు 30 రూపాయలు. పప్పు ప్యాకెట్టు కాస్త తక్కువ. నలుగురికి రెండు కొంటారు, గిన్నెలో పోసి చారెడు నీళ్ళు కలిపి మళ్ళీ మరిగిస్తారు. పొద్దున్న టిఫిన్ మానేస్తే ప్రతి మనిషికీ నెలకి దాదాపు వెయ్యి మిగులుతుంది. అందుకని మానేస్తారు. ల్యాబులో పదకొండింటికి కళ్ళు తిరుగుతుంటే ఒక సున్నుండ. మా అక్క పన్నెండు ఎందుకు లెక్కపెట్టిందో నాకు అక్కడ తెలిసింది. గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులుంటాయి, వాళ్ళ రోజు మొత్తంలో గట్టి పోషణ అదొక్కటే. వరసగా అన్నమూ పచ్చడే తిని చదివిన పిల్లాడికి మార్కులు తగ్గితే తెలివి తక్కువనుకుంటాం. కడుపు సంగతి ఎవరం అడగం.

పట్టికలో గురువారం లేదు, గమనించారా? అది అడగడానికే ఆ గురువారం మళ్ళీ వెళ్ళాను. మధ్యాహ్నం ఒంటిగంట. మీరూ నాతో వరసలో నిలబడండి. రాజమండ్రిలో అన్న క్యాంటీను. చేతిలో ఐదు రూపాయల బిళ్ళ. ముందు ఆటో డ్రైవరు, వెనక ఆసుపత్రికొచ్చిన ముసలాయన, మధ్యలో మా నలుగురు, భుజాన పుస్తకాల సంచులతో. అన్నం, కూర, సాంబారు, పచ్చడి, పెరుగు. అన్నం పొగలు కక్కుతోంది. నిలబడే తింటున్నారు, మాట లేదు. ఎవరబ్బాయివి, ఏ ఊరు, ఏమిటోళ్ళు అని కౌంటరు దగ్గర ఎవరూ అడగలేదు. ఆనాటి అరుగు మీద ఆకలికి తోడు ఉండే ఆ భయం ఇక్కడ లేదు. రంప కుర్రాడు చెప్పిన మూడూ పళ్ళెంలో ఉన్నాయి: వేడన్నం, కూర, ఆఖర్న పెరుగు.

బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 2025 జనవరి నుంచి అది ప్రభుత్వ జూనియర్ కాలేజీలకీ వచ్చింది. అక్కడితో ఆగింది. పద్దెనిమిది నిండిన మర్నాటి నుంచి పిల్లాడి ఆకలి పిల్లాడి సొంత వ్యవహారమైపోతుంది. ఎమ్మెస్సీ చదివేవాడు బస్సు పట్టుకుని ఊళ్ళోకొచ్చి, క్లాసు పోగొట్టుకుని, ఈ వరసలో నిలబడుతున్నాడు. ఈ పెట్టే చెయ్యి యూనివర్సిటీ గేటు దాకా రావాలని నా కోరిక. పల్లకీ వెనక్కి తిప్పడం తెలిసిన మనిషి పేరు పెట్టుకున్నాం కదా.

మళ్ళీ ఆదివారం. అదే చాప. మావాడు తెచ్చిన సంచి అక్క విదిలిస్తోంది. కడిగి ఆరబెట్టిన హార్లిక్స్ సీసా, ఖాళీ డబ్బాలు. అడుగున, ఆమె పెట్టనిది ఒకటి బయటపడింది. పాత న్యూస్ పేపరులో చుట్టి, అడ్డతీగతో కట్టిన చింతపండు ముద్ద.

"ఇదెక్కడిదిరా?"

"రంపవాడి వాళ్ళమ్మ ఇచ్చిందమ్మా. గుడ్లు పంపించేది ఎవరని అడిగిందంట."

అక్క పొట్లం విప్పి వాసన చూసింది. ఏమీ మాట్లాడలేదు. వంటింట్లోకి వెళ్ళి గుడ్ల ట్రే తెచ్చుకుని చాప మీద కూర్చుంది. బియ్యం సగం చేటలోకి ఒంపి, వరస పరచడం మొదలెట్టింది. ఇరవై అయ్యాక చెయ్యి ఆగలేదు.

"ఆ అబ్బాయి పచ్చసొన తింటాడా, తీసేస్తాడా?" అని అడిగింది, ఇంకో గుడ్డు బియ్యంలోకి దించుతూ.