ఎవరు ఎవరికి కనిపించాలి?

అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల బోర్డులు వరసకట్టిన సందులో ఒక ఆడపిల్లల హాస్టల్. రాత్రి పది దాటింది. మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న అమ్మాయి పక్కన మనకూ కాస్త చోటుంది. స్క్రీన్‌కి ఎడమవైపు విండోస్ కమాండ్ ప్రాంప్ట్. కుడివైపు వర్చువల్‌బాక్స్‌లో నడుస్తున్న ఉబుంటు సర్వర్. ఆమె ఫ్లాస్క్‌లో రాసిన వెబ్‌సైట్ ఆ ఉబుంటులో నడుస్తోంది. అది విండోస్ బ్రౌజర్‌లో తెరుచుకోవాలి. తెల్లారితే క్లాసులో చూపించాలి.

"అక్కా, ఉబుంటులో నెట్ వస్తోంది. ఏపీటీ అప్‌డేట్ కొడితే అంతా బాగానే దిగింది. మరి నా పేజీ ఎందుకు రావట్లేదు?"

అవతలి మంచం మీది అక్క కంపెనీలో క్లౌడ్ సర్వర్లు చూసుకుంటుంది. లేచొచ్చి పక్కన కూర్చుంది. "ఐపీ ఎంతొచ్చిందో చూడు."

ఉబుంటులో 'ఐపీ ఏ' అని కొట్టగానే ఈఎన్‌పీ0ఎస్3 అనే కార్డు పక్కన 10.0.2.15 కనిపించింది. వర్చువల్‌బాక్స్ ఏ ల్యాప్‌టాప్‌లో పెట్టినా, కొత్త మెషీన్‌కి మామూలుగా వచ్చే అడ్రస్ ఇదే. గేట్‌వే 10.0.2.2. డీఎన్ఎస్ 10.0.2.3. ఈ పద్ధతి పేరు న్యాట్.

"ఇప్పుడు విండోస్ నుంచి దాన్ని పింగ్ చెయ్యి."

ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు వరసల్లోనూ 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్'.

ఆ నాలుగు ప్యాకెట్లు ఎటు పోయాయో మనమూ వెనకాలే వెళ్లి చూద్దాం. ఈ ల్యాప్‌టాప్‌లో 10.0.2తో మొదలయ్యే కార్డు ఒక్కటీ లేదు. దారి తెలియని ప్యాకెట్‌ని విండోస్ తన డీఫాల్ట్ గేట్‌వేకి, అంటే హాస్టల్ వైఫై రూటర్‌కి అప్పగించింది. అక్కడ దాని జాడ తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఒళ్లోనే ఉన్న సర్వర్‌ని వెతుక్కుంటూ అవి గది దాటి వెళ్లిపోయాయి.

న్యాట్ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌లాంటిది. లోపలివాళ్లు పిలిచినవాళ్లని పంపిస్తుంది, పిలవకుండా వచ్చినవాళ్లని గేటు దగ్గరే ఆపేస్తుంది. ఏపీటీ అడిగింది కాబట్టి జవాబు లోపలికొచ్చింది. బ్రౌజర్‌ని ఎవరూ పిలవలేదు.

"అయితే బ్రిడ్జ్‌డ్ పెట్టేస్తా అక్కా. యూట్యూబ్‌లో అలాగే చెప్పారు."

"పెడితే హాస్టల్ రూటరే దీనికీ అడ్రస్ ఇస్తుంది. అప్పుడు ఈ సర్వర్ నీ ల్యాప్‌టాప్‌కే కాదు, ఇదే వైఫైలో ఉన్న వేరేవాళ్లకీ కనిపించొచ్చు. అది నీకు కావాలా?"

అమ్మాయి తల అడ్డంగా ఊపింది. బ్రిడ్జ్‌డ్‌కి ఇంకో చిక్కు కూడా ఉంది. వైఫై యాక్సెస్ పాయింట్ తన దగ్గర నమోదైన మ్యాక్ అడ్రస్ నుంచి వచ్చిన ప్యాకెట్లనే ఒప్పుకుంటుంది. అందుకే వర్చువల్‌బాక్స్ వైఫై మీద మ్యాక్ అడ్రస్‌లు మార్చి నెట్టుకొస్తుంది. అది అన్ని రూటర్ల దగ్గరా సాగదు.

ఒక్క పేజీ చూడటానికైతే పోర్ట్ ఫార్వర్డింగ్ చాలు. విండోస్‌లోని 8080కి వచ్చినదాన్ని ఉబుంటులో ఫ్లాస్క్ నడిచే 5000కి, 2222కి వచ్చినదాన్ని ఎస్ఎస్‌హెచ్ పోర్టు 22కి మళ్లించమని న్యాట్‌కి చెప్పొచ్చు. కానీ రేపు ఈ అమ్మాయికి ఇంకో మెషీన్ కావాలి, ఇంకో పోర్టు కావాలి. ప్రతిదానికీ ఒక నియమం రాసుకుంటూ పోవడం కంటే నేరుగా ఒక దారి వేసుకోవడం మేలు.

"ఆపెయ్ దాన్ని. పవర్ ఆఫ్."

మెషీన్ ఆగింది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్. అడాప్టర్ 1 న్యాట్‌గానే ఉంది, దాన్ని కదిలించలేదు. అడాప్టర్ 2కి టిక్ పెట్టి, హోస్ట్-ఓన్లీ అని ఎంచుకుంది. ల్యాప్‌టాప్‌కీ మెషీన్‌కీ మధ్య మాత్రమే ఉండే నెట్‌వర్క్ ఇది. వైఫై ఆపేసినా పనిచేస్తుంది. విండోస్ వైపు దీని అడ్రస్ 192.168.56.1.

ఉబుంటు మళ్లీ లేచింది. 'ఐపీ ఏ'. ఈఎన్‌పీ0ఎస్8 అనే కొత్త కార్డు వచ్చింది, కానీ పక్కన 'డౌన్' అని ఉంది. అడ్రస్ లేదు.

"చెడిపోయిందా?"

"లేదు. ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఉన్న కార్డు సంగతే ఉబుంటు రాసుకుంది. దీని సంగతి మనం రాయాలి."

నెట్‌ప్లాన్ ఫోల్డర్‌లో కొత్త ఫైలు తెరిచారు. వైఎఎంఎల్ ఫైలులో వరస జరపడానికి ట్యాబ్ కుదరదు, స్పేస్‌లే కొట్టాలి. అమ్మాయి ఒక్కో స్పేస్ లెక్కపెట్టుకుంటూ కొడుతోంది. ఈ హోస్ట్-ఓన్లీ నెట్‌వర్క్‌లో డీహెచ్‌సీపీ మామూలుగా 101 నుంచి 254 వరకు అడ్రస్‌లు పంచుతుంది కాబట్టి, దాని జోలికి రాని 192.168.56.10/24 రాసింది. తర్వాత గేట్‌వే అని టైప్ చేయబోయింది. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"అది వద్దమ్మా. బయటికి దారి న్యాట్ వైపు ఉంది. ఇక్కడ కూడా గేట్‌వే రాస్తే, బయటికి పోయే ప్యాకెట్ ఇటొచ్చి ఆగిపోతుంది."

'నెట్‌ప్లాన్ ట్రై'. మనం ఎంటర్ కొట్టి ఒప్పుకోకపోతే 120 సెకన్లలో పాత అమరికకే తిరిగి వెళ్లే ఆదేశం ఇది. అమ్మాయి ఎంటర్ కొట్టింది. ఈసారి విండోస్ నుంచి పింగ్ చేస్తే నాలుగు జవాబులూ వచ్చాయి. టీటీఎల్ 64, సమయం ఒక మిల్లీ సెకను లోపు.

ఉత్సాహంగా ఉబుంటు నుంచి 192.168.56.1ని పింగ్ చేసింది. జవాబు లేదు. మొహం వాడిపోయింది.

"తొందరపడి ఏదీ మార్చకు. ముందు 'ఐపీ నెయ్‌బర్' కొట్టు."

56.1 పక్కన 0ఏ:00:27తో మొదలయ్యే మ్యాక్ అడ్రస్ కనిపించింది. అంటే విండోస్ కార్డు ఏఆర్‌పీకి జవాబిచ్చింది. దారి బాగానే ఉంది. పింగ్‌ని ఆపుతున్నది విండోస్ ఫైర్‌వాల్. బయటి నుంచి వచ్చే ఎకో రిక్వెస్ట్‌ని అది మామూలుగా లోపలికి రానివ్వదు. కావాలంటే ఐసీఎంపీ నియమం ఒక్కటి తెరిస్తే సరిపోతుంది. ఇలాంటప్పుడే చాలామంది ఫైర్‌వాల్ మొత్తం ఆపేస్తారు. ఆ పని ఎప్పుడూ చెయ్యకూడదు. ఇప్పుడైతే ఆ ఒక్క నియమం కూడా అక్కర్లేదు, పేజీ అడిగేది విండోసే కదా.

బ్రౌజర్‌లో 192.168.56.10, పోర్టు 5000. ఎంటర్. మళ్లీ ఎర్రర్. కానీ ఈసారి 'కనెక్షన్ రిఫ్యూజ్డ్'.

అమ్మాయి నిట్టూర్చింది, అక్క నవ్వింది. ఈ రెండు ఎర్రర్ల తేడా తెలిస్తే సగం పని అయినట్టే. 'టైమ్డ్ అవుట్' అంటే ప్యాకెట్‌కి జవాబే రాలేదు: దారి తప్పి ఉండాలి, లేదా ఫైర్‌వాల్ మింగేసి ఉండాలి. 'రిఫ్యూజ్డ్' అంటే సాధారణంగా మెషీన్ దాకా చేరాం, ఆ పోర్టులో వినేవాళ్లు లేరని. 'ఎస్ఎస్ -టీఎల్ఎన్' కొడితే సంగతి తేలింది. ఫ్లాస్క్ 127.0.0.1 మీద వింటోంది, అంటే తనతో తాను మాట్లాడుకుంటోంది. ఆపి, హోస్ట్ 0.0.0.0 అని చెప్పి మళ్లీ నడిపింది.

పేజీ వచ్చింది. నీలం రంగు శీర్షిక, కింద ఆమె పేరు.

ఒకప్పుడు ఈ పాఠం నేర్చుకోవాలంటే రెండో కంప్యూటర్, స్విచ్, కేబుళ్లు కావాలి. ఇవాళ ఊరి నుంచి ఒక్క ల్యాప్‌టాప్‌తో వచ్చిన పిల్ల హాస్టల్ మంచం మీదే నేర్చుకుంటోంది. అక్క పగలంతా చేసే పని కూడా వేరే ఏమీ కాదు. క్లౌడ్‌లో ప్రైవేట్ సబ్‌నెట్‌లోని సర్వర్లు న్యాట్ గేట్‌వే ద్వారా బయటికి వెళ్తాయి, బయటివాళ్లు వాటిని నేరుగా చేరలేరు. అక్కడైనా ఇక్కడైనా 'నెట్ రావట్లేదు' అంటే ఏమీ తేలదు. ఎవరి నుంచి ఎవరికి, ఏ కార్డు మీదుగా, ఏ పోర్టుకి అని అడిగితేనే తేలుతుంది.

అమ్మాయి అప్పుడే ఉబుంటుని క్లోన్ చేస్తోంది, డేటాబేస్ కోసం రెండో మెషీన్. మ్యాక్ అడ్రస్‌లు కొత్తవి తయారుచేయమని ఎంచుకుంది. నెట్‌వర్క్ పేజీ దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"అక్కా, దీన్ని వెబ్ సర్వర్ తప్ప ఎవరూ చూడక్కర్లేదు కదా? విండోస్ కూడా?"

"అక్కర్లేదు."

"అయితే హోస్ట్-ఓన్లీ వద్దు. ఇంటర్నల్ నెట్‌వర్క్ పెడతా. వెబ్ సర్వర్‌కి మూడో అడాప్టర్ ఇస్తా."