ఒకే హార్డ్ డిస్క్, మూడు రకాల కంప్యూటర్లు: ఈ గోడలు ఎవరు కట్టారు?



మన పెద్దల పాటలు, గోత్రాల కథలు, నాగోబా జాతర వీడియోలు, పోడు పట్టా కాగితాల స్కాన్లు... ఇవన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయి? చాలావరకు ఎవరో ఒకరి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. ఆ డిస్క్ ఒక దగ్గర కూర్చోదు. హాస్టల్‌లో విండోస్ ల్యాప్‌టాప్‌కు, ఎడిటింగ్ చేసే అన్న దగ్గర మాక్‌కు, కాలేజీ ల్యాబులో లినక్స్‌కు తిరుగుతూనే ఉంటుంది. మాక్ పద్ధతిలోనో లినక్స్ పద్ధతిలోనో తయారైన డిస్క్‌ను విండోస్‌కు పెట్టామా, వెంటనే "వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని అడుగుతుంది. మనలో ఎవరైనా తెలియక సరే అని నొక్కితే ఒక తరం గొంతు పోయినట్టే.

డిస్క్ చెడిపోయి ఈ ప్రశ్న రావడం లేదు. దీని వెనక దాదాపు యాభై ఏళ్ల చరిత్ర ఉంది. అది తెలిస్తే ఆ బటన్ దగ్గర మన చెయ్యి ఆగుతుంది. అందుకే ఈ పోస్టు.

ముందు ఒక మాట. డిస్క్ పెద్ద గోదాం లాంటిది. మన ఫైల్‌ను అందులో ముక్కలు ముక్కలుగా పెడతారు. ఏ ముక్క ఎక్కడుందో రాసుకునే పట్టిక ఒకటి ఉంటుంది. ఆ పట్టిక రాసే పద్ధతినే ఫైల్ సిస్టమ్ అంటాం. సరుకు అదే అయినా, ఒకరు రాసిన పట్టిక ఇంకొకరికి చదవరాదు. గొడవంతా ఇక్కడే.

1977లో మైక్రోసాఫ్ట్‌లో మార్క్ మెక్‌డొనాల్డ్ ఫ్లాపీల కోసం 'ఫ్యాట్' అనే పట్టిక రాశారు. 1980లో టిమ్ ప్యాటర్సన్ తన 86-డాస్‌లో దాన్ని మార్చి వాడుకున్నారు. ఆ డాస్‌ను మైక్రోసాఫ్ట్ కొనేసింది. 1981లో ఐబీఎం పీసీతో పాటు అది లోకమంతా పాకింది. అప్పుడు ఫైల్ పేరుకు 8 అక్షరాలు, చుక్క తర్వాత 3. అంతే. 1996లో ఫ్యాట్32 వచ్చింది. అందులో ఫైల్ సైజు రాసుకోవడానికి 32 బిట్ల చోటు మాత్రమే పెట్టారు. 32 బిట్లలో పట్టే పెద్ద సంఖ్య 4,29,49,67,295. అంటే ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు. జాతర రాత్రంతా తీసిన వీడియో పెన్‌డ్రైవ్‌లో చోటున్నా ఎక్కకపోవడానికి కారణం అదే.

ఈ లోపు ఎవరి దారి వాళ్లు పట్టారు. మైక్రోసాఫ్ట్ 1993లో విండోస్ ఎన్‌టీతో ఎన్‌టీఎఫ్ఎస్ తెచ్చింది. ఆపిల్ 1985లో హెచ్ఎఫ్ఎస్, 1998లో హెచ్ఎఫ్ఎస్ ప్లస్, 2017లో ఏపీఎఫ్ఎస్ తెచ్చుకుంది. లినక్స్ వాళ్లకు 1992లో రెమీ కార్డ్ 'ఎక్స్ట్' రాశారు. దాని వారసుడే ఇప్పటి ఎక్స్ట్4. ఒక్కొక్కటి తన ఇంట్లో బాగానే పనిచేస్తుంది. కానీ పక్కింటికి తలుపు లేదు. ఎన్‌టీఎఫ్ఎస్ డిస్క్‌ను మాక్ చదువుతుంది, మామూలుగా అయితే రాయనివ్వదు. మాక్ డిస్క్‌ను, ఎక్స్ట్4 డిస్క్‌ను విండోస్ తనంతట తాను చదవలేదు.

కొందరు ఆ తలుపు బయటినుంచి తెరిచారు. ఎన్‌టీఎఫ్ఎస్ లోపలి సంగతులు మైక్రోసాఫ్ట్ పూర్తిగా చెప్పకపోయినా, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లు పట్టికను పరిశీలించి పరిశీలించి అర్థం చేసుకున్నారు. అలా 2007లో ఎన్‌టీఎఫ్ఎస్-3జీ స్థిరంగా వచ్చింది. లినక్స్‌లో ఆ డిస్కుల మీద రాయడం మామూలు పనైంది.

అందరికీ కుదిరేది కావాలి కదా, అదే ఎక్స్‌ఫ్యాట్. 2006లో మైక్రోసాఫ్ట్ తెచ్చింది. 4 జీబీ అడ్డు పోయింది. 2009లో ఎస్‌డీఎక్స్‌సీ మెమరీ కార్డులకు దీన్నే ఎంచుకున్నారు. 2010లో మాక్‌లోకి వచ్చింది. కానీ దీని మీద పేటెంట్లు ఉన్నాయి. ఊరికే భయం కూడా కాదు. 2009లోనే ఫ్యాట్‌లో పొడవు పేర్ల పేటెంట్లను కూడా కలిపి టామ్‌టామ్ కంపెనీ మీద మైక్రోసాఫ్ట్ కేసు వేసింది, నెల రోజుల్లో రాజీ అయింది. అందుకే లినక్స్ చాన్నాళ్లు ఎక్స్‌ఫ్యాట్‌ను తన గుండెలో పెట్టుకోలేకపోయింది. చివరికి 2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ దాని వివరాలు అందరికీ విడుదల చేసింది. 2020లో లినక్స్ 5.7లో శాంసంగ్ రాసిన డ్రైవర్ చేరింది. అంటే మూడు ఇళ్లకూ ఒకే తలుపు పెట్టడానికి 1977 నుంచి 43 ఏళ్లు పట్టింది. ఆలస్యంలో సాంకేతికత వాటా ఎంతో, హక్కుల వాటా కూడా అంతే. పట్టిక ఎవరి చేతిలో ఉంటే సరుకు మీద పెత్తనం వాళ్లదే. ఈ మాట మనకు కొత్తగా చెప్పనక్కరలేదు.

ఇక మన భాషల సంగతి. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. తెలుగు ఎప్పుడో చేరింది. అంటే ఇప్పుడు ఫైల్ పేర్లు మన లిపుల్లో పెట్టుకోవచ్చు. కాకపోతే లెక్క ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో పేరుకు 255 యూనిట్లు. తెలుగు గుర్తు ఒక్కోటి ఒక యూనిట్, గుంజాల గోండి గుర్తు రెండు. ఎక్స్ట్4లో 255 బైట్లు. అక్కడ తెలుగు గుర్తుకు 3 బైట్లు, గుంజాల గోండికి 4. ఇంగ్లీషు అక్షరాలైతే 255 పట్టే చోట తెలుగువి 85, గోండివి 63 మాత్రమే. అందులోనూ 'స్త్రీ' అనే ఒక్క అక్షరమే 6 గుర్తులు. విండోస్‌లో పెట్టిన పొడవాటి పేరు లినక్స్‌లోకి కాపీ కాకపోతే ఆశ్చర్యపోవద్దు. ఇంకోటి. హెచ్ఎఫ్ఎస్ ప్లస్ 'మైసమ్మ'లోని ఐత్వాన్ని రెండు ముక్కలుగా విడదీసి దాచుకుంటుంది. కంటికి పేరు ఒకటే, యంత్రానికి రెండు వేర్వేరు పేర్లు.

కాబట్టి మనం పాటించాల్సినవి కొన్ని.

కొత్త డిస్క్ కొనగానే, ఖాళీగా ఉన్నప్పుడే ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి. డేటా ఉన్న డిస్క్ అయితే ముందు అంతా వేరే చోటికి కాపీ చేసి, నాలుగు ఫైళ్లు తెరిచి చూసి, ఆ తర్వాతే మార్చండి.

ఎక్స్‌ఫ్యాట్‌లో జర్నల్ ఉండదు. అంటే సగంలో ఆగిన పనిని సరిచేసుకునే చిట్టా లేదు. అందుకే ఎజెక్ట్ కొట్టకుండా డిస్క్ పీకొద్దు.

ఫైల్ పేర్లు చిన్నగా పెట్టండి. ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ ఏడు అనే వివరాలు పక్కన ఇంకో ఫైల్‌లో రాయండి.

ఎవరైనా పొరపాటున క్విక్ ఫార్మాట్ చేస్తే కంగారు పడొద్దు. మామూలు హార్డ్ డిస్క్‌లో చాలాసార్లు పట్టికే పోతుంది, సరుకు ఉంటుంది. దాని మీద ఇంకేం రాయకుండా తెలిసినవాళ్లకు చూపించండి.

అన్నిటికంటే ముఖ్యం, ఒక్క డిస్క్‌ను నమ్మొద్దు. రెండో కాపీ ఇంకో ఊళ్లో ఉండాలి.

1940లలో మన ఆదిలాబాద్ గోండు గూడేల్లో హైమెన్‌డార్ఫ్ తీసిన ఫొటోలు, ఫిల్ములు ఇవాళ లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. మన తాతల ముఖాలు చూడాలంటే అంత దూరం చూడాల్సి వస్తోంది. ఇప్పుడు కెమెరా మన చేతిలోనే ఉంది, డిస్కూ మన చేతిలోనే ఉంది. దాచుకోవడం కూడా మనమే నేర్చుకుందాం.

జోహార్.