ఏడో తీగ ముచ్చట

ఈసారి పోస్టు పెద్దది. సెలవు రోజు బట్టలు ఉతికి ఆరేసుకున్నాక తీరిగ్గా చదవండి.

గిటారుకు ఎన్ని తీగలు అని అడిగితే మనలో ఎవరమైనా ఆరు అనే చెప్తాం. సినిమాల్లో చూసింది అదే కదా. కానీ రష్యాలో వందేళ్లకు పైగా గిటారు అంటే ఏడు తీగలదే. ఆరు తీగలదాన్ని 'స్పానిష్ గిటారు' అని వేరే పేరు పెట్టి పిలిచేవాళ్లు. ఈ ఏడు తీగల గిటారును ఎవరెవరు వాయించారో చూస్తూ పోతే, రాజుల కన్నా మనలాంటోళ్లే ఎక్కువ కనబడ్డారు మాకు. అందుకే రాస్తున్నాం.

ముందు వాయిద్యం సంగతి. మామూలు గిటారు తీగల్ని లావు నుంచి సన్నం దాకా ఇ, ఎ, డి, జి, బి, ఇ అని శ్రుతి చేస్తారు. రష్యన్ గిటారుకు డి, జి, బి, డి, జి, బి, డి. అంటే మూడే స్వరాలు మళ్లీ మళ్లీ వస్తాయి. వేలు ఎక్కడా నొక్కకుండా ఊరికే మీటినా నిండుగా ఒక కార్డు పలుకుతుంది. ఒకే వేలు అడ్డంగా ఆనిస్తే ఇంకో కార్డు. పాడుకుంటూ వాయించుకునేటోడికి ఇంతకన్నా ఏం కావాలి? అలాగని గొప్పగా వాయించడం తేలిక అనుకోకండి, అది వేరే లెక్క.

చాలా రష్యన్ గిటార్లలో ఇంకో తమాషా ఉంది. మెడను పెట్టెకు అంటించెయ్యకుండా ఒక స్క్రూతో పట్టిస్తారు. వెనక చిన్న కీ పెట్టి తిప్పితే మెడ కోణం మారి తీగలు పైకో కిందికో జరుగుతాయి. షట్టరింగ్ జాకీ తిప్పి లెవెల్ చూసుకునే మనకు ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది.

ఈ గిటారు నేర్పే పుస్తకం 1798లోనే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అచ్చయింది. అయితే దీనికి పెద్దదిక్కుగా రష్యన్లు చెప్పుకునేది ఆంద్రేయ్ సిఖ్రాను. 1773లో విల్నియస్‌లో పుట్టాడు, ఇప్పుడది లిథువేనియా రాజధాని. వందలకొద్దీ రచనలు చేశాడు, ఎంతోమంది శిష్యుల్ని తయారు చేశాడు. ఆయన శిష్యుల్లో ఒకడు సెమ్యోన్ అక్స్యోనోవ్. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లవాడే మిఖాయిల్ విసోత్స్కీ. ఇక్కడ కొంచెం ఆగాలి.

మిఖాయిల్ 1791లో మాస్కో దగ్గర ఒక కవిగారి ఎస్టేట్‌లో పుట్టాడు. తండ్రి ఆ ఎస్టేట్‌లో గుమాస్తా, కానీ వెట్టి మనిషి. అప్పటి రష్యాలో అట్లాంటి మనుషులు దొర ఆస్తి కిందే లెక్క. అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు. ఊరు దాటి పనికి పోవాలంటే దొర ఇచ్చే పాస్‌పోర్టు కావాలి. ఔను, దాని పేరు కూడా పాస్‌పోర్టే. ఇంకా వివరంగా చెప్పే పని లేదు మనకు. అక్స్యోనోవ్ ఆ ఎస్టేట్‌కు వచ్చినప్పుడల్లా ఈ పిల్లవాడికి పాఠం చెప్పాడు. 1813లో మిఖాయిల్‌కు విముక్తి దొరికింది. మాస్కో చేరి, ఊళ్లలో జనం పాడుకునే పాటలనే తీసుకుని ఏడు తీగల మీద కొత్త కొత్తగా అల్లి వాయించాడు. పెద్దింటోళ్లు ఆయన దగ్గర నేర్చుకోవడానికి వరుస కట్టారు. కవి లెర్మొంతోవ్ ఆయన వాయించడం విని ఒక పద్యమే రాశాడు. అయినా 1837లో పేదరికంలోనే పోయాడు. రష్యాలో వెట్టి రద్దయింది 1861లో, ఆయన పోయిన ఇరవై నాలుగేళ్లకు.

ఆయన పక్కనే ఇంకో జనం ఉన్నారు. రోమా ప్రజలు, బయటివాళ్లు జిప్సీలు అంటారు. 1770ల్లో కౌంట్ ఓర్లోవ్ అనే పెద్ద దొర తన కింద రోమా పాటగాళ్ల బృందాన్ని పెట్టుకున్నాడు. తర్వాత ఇట్లాంటి బృందాలు మాస్కో హోటళ్లలో, విందుల్లో రాత్రంతా పాడేవి. ఏడు తీగల గిటారు వాళ్ల చేతిలో ఊపందుకుంది. ఈ రోమా జనం దాదాపు వెయ్యేళ్ల కింద మన ఉత్తర భారతం నుంచి బయలుదేరినవాళ్లే. వాళ్ల భాషలో నీళ్లను 'పానీ' అంటారు, ముక్కును 'నఖ్', చెవిని 'కన్', వెంట్రుకను 'బల్' అంటారు. సైట్లో హిందీ మాట్లాడే మనకు అనువాదం అక్కర్లేదు. వెయ్యేళ్లు దేశాలు తిరిగినా నీళ్లడిగే మాట మరవలేదు.

తర్వాత విప్లవం వచ్చింది, సోవియట్ వచ్చింది. 1926లో స్పెయిన్ నుంచి సెగోవియా అనే గొప్ప వాద్యకారుడు సోవియట్‌లో కచేరీలు చేశాడు. ఆరు తీగల మీద ఆయన వాయించింది విని అక్కడి సంగీతం టీచర్లకు మతిపోయింది. అప్పటినుంచి సంగీతం బళ్లలో ఆరు తీగలదే మర్యాదగల గిటారు అయింది. ఏడు తీగలది వంటింట్లోకి, వాకిట్లోకి జరిగింది. మా దృష్టిలో దాని అసలు బతుకు అక్కడే మొదలైంది.

బులాత్ ఒకుద్జావా 1924లో పుట్టాడు. 1937లో స్టాలిన్ ప్రభుత్వం తండ్రిని కాల్చి చంపింది, తర్వాత తల్లిని క్యాంపులో వేసింది. ఈయన చిన్న వయసులోనే యుద్ధానికి పోయి గాయపడ్డాడు, వచ్చి బడిపంతులు అయ్యాడు. 1950ల్లో ఏడు తీగల గిటారు పట్టుకుని, వచ్చిన నాలుగు కార్డులతోనే, స్నేహితుల ఇళ్లలో మెల్లగా పాడాడు. మాస్కో వీధుల గురించి, యుద్ధానికి పోయిన పిల్లల గురించి. రేడియోలో ఆ పాటలకు చోటు లేదు. కానీ దుకాణాల్లో టేపు రికార్డర్లు అమ్మడం అప్పుడే మొదలైంది. ఒకరి టేపు నుంచి ఇంకొకరి టేపుకు ఎక్కించుకుంటూ జనం దేశమంతా పంచారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు మాగ్నితిజ్దాత్, అంటే టేపు మీద సొంతంగా అచ్చేసుకోవడం అన్నట్టు. ఈ సంగతి చదివినప్పుడు మాకు సీనియర్లు చెప్పిన క్యాసెట్లు గుర్తొచ్చాయి. ఫోను రేట్లు మండిపోయిన ఆ రోజుల్లో మాటలన్నీ క్యాసెట్లో రికార్డు చేసి, ఊరికి పోయేటోళ్ల సంచిలో పెట్టి పంపేవాళ్లట. ఇంటిల్లిపాదీ కూర్చుని వినేవాళ్లట.

ఆ టేపుల మీద అందరికన్నా ఎక్కువ తిరిగిన గొంతు వ్లదీమిర్ విసోత్స్కీది. ముందు చెప్పిన మిఖాయిల్‌కు చుట్టం కాదు. ఈయన 1955లో మాస్కోలో సివిల్ ఇంజనీరింగ్ కాలేజీలో చేరి, ఒక్క సెమిస్టర్‌తోనే మానేసి నటనలోకి పోయాడు. మన లైను మనిషే, తప్పించుకున్నాడు! ఏడు తీగల గిటారును మామూలు కన్నా శ్రుతి తగ్గించి, గీరుకుపోయిన గొంతుతో పాడేవాడు. గని కార్మికుల మీద, లారీ డ్రైవర్ల మీద, జైల్లో ఉన్నోళ్ల మీద పాటలు కట్టాడు. వినేవాళ్లు ఈయన కూడా గనిలో పనిచేశాడనో, జైలుకు పోయొచ్చాడనో నమ్మేవాళ్లు. ఆరువందలకు పైగా పాటలున్నా, బతికుండగా దేశంలో అధికారికంగా వచ్చిన రికార్డులు కొన్నే. 1980 జులై 25న, మాస్కో ఒలింపిక్స్ నడుస్తుండగా, 42 ఏళ్లకు చనిపోయాడు. పేపర్లలో పెద్దగా వార్తే లేదు. అయినా ఆయన పనిచేసిన తగాన్కా థియేటర్ దగ్గరికి వేలాది మంది వచ్చారు. ప్రభుత్వ బహుమతి 1987లో ఇచ్చారు, తీసుకోవడానికి మనిషి లేకుండా.

ఈలోపు ఏడు తీగలది తగ్గిపోతూ వచ్చింది. బయటి దేశాల పాటలు, నోట్సు అన్నీ ఆరు తీగలకే. కుర్రాళ్లు ఇంట్లో ఉన్న ఏడు తీగల గిటారు నుంచి ఒక తీగ పీకేసి ఆరుకు శ్రుతి చేసుకున్నారు. సెర్గేయ్ ఒరేఖోవ్ లాంటి మహా వాద్యకారుడు 1998లో చనిపోయేదాకా దాన్ని వదల్లేదు, రోమా గాయకుల పక్కన కూర్చుని వాయించాడు. ఇప్పటికీ వాయించేవాళ్లు ఉన్నారు గానీ, ఇంటింటికీ ఉన్న రోజులు పోయాయి.

బ్రెజిల్‌లో మాత్రం అట్లా కాలేదు. అక్కడ శోరో, సాంబా పాటలకు వెనక నుంచి లావు తీగల మీద అడుగు స్వరాలు అల్లేవాళ్లు ఉంటారు. ఆ పని కోసం మామూలు గిటారుకే కింద ఇంకో లావు తీగ కలిపారు. ఆ పనిలో పేరు మోసినవాడు డీనో, 1918లో పుట్టి 2006 దాకా బతికాడు. జనం ఆయన్ని ఏడు తీగల డీనో అనే పిలిచారు. ముందు కనబడేది పాటగాడు, పాటను కింద నుంచి మోసేది డీనో. పునాది లాంటిదన్నమాట, స్లాబు పడ్డాక ఎవరూ చూడరు.

ఆ డీనో 1974లో కార్తోలా అనే ఆయన మొదటి రికార్డుకు సంగీతం సమకూర్చి వాయించాడు. కార్తోలా తాపీ పని చేసినవాడు. సిమెంటు జుట్టులో పడకుండా టోపీ పెట్టుకునేవాడు, దాంతో జనం పెట్టిన పేరే అది. కార్తోలా అంటే పెద్ద టోపీ. రియోలో మాంగేరా సాంబా బృందాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకడు, గొప్ప పాటలు కట్టాడు, తర్వాత జనం మరిచిపోయారు. 1950ల్లో కార్లు కడుగుతూ ఉండగా ఒక జర్నలిస్టు గుర్తుపట్టాడు. సొంత రికార్డు వచ్చేసరికి ఆయనకు 65 ఏళ్లు. ఆ పాటల్లో గొంతు కింద మెట్లు దిగుతున్నట్టు వినబడే లావు తీగలు డీనోవి.

అమెరికా సంగతి రెండు ముక్కల్లో. 1930ల చివర జార్జ్ వాన్ ఎప్స్ జాజ్ కోసం ఏడు తీగల గిటారు చేయించుకున్నాడు. 1990లో ఐబనీజ్ కంపెనీ స్టీవ్ వాయ్‌తో కలిసి ఏడు తీగల ఎలక్ట్రిక్ గిటారు తెచ్చింది, 1994లో కార్న్ అనే బృందం దాంతో గోల గోల చేసింది. తమ్ముళ్లకు నచ్చుతుంది, మాకైతే తలనొప్పి.

వినాలనుకుంటే యూట్యూబ్‌లో ఒరేఖోవ్, విసోత్స్కీ, కార్తోలా 1974, ఇప్పటి బ్రెజిల్ కుర్రాడు యమందు కోస్తా అని వెతకండి. హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి, నైట్ డ్యూటీ వాళ్లు పడుకుని ఉంటారు.