చిక్కుపడినప్పుడు తీసే ముక్క

స్టూడియో అద్దె గంటల లెక్కన పెరుగుతూ ఉంటుంది. వాద్యగాళ్లు ఎదురు చూస్తుంటారు. పాట మాత్రం ఒకచోట ఆగి కదలనంటుంది. ఆ కంగారులో మనసు తెలిసిన దారినే పట్టుకు వేలాడుతుంది. నిన్న పనికొచ్చిన ఉపాయం ఇవాళ గుర్తుకే రాదు. బ్రయాన్ ఈనోకు ఇది బాగా అనుభవం. 1973లో రాక్సీ మ్యూజిక్ బృందం నుంచి బయటికొచ్చి సొంతంగా రికార్డులు చేస్తున్న రోజులవి. ఆయన ఆర్ట్ స్కూళ్లలో చదువుకుని సంగీతంలోకి వచ్చినవాడు. అందుకే కాబోలు, చిక్కు తీరగానే ఊపిరి పీల్చుకుని ఊరుకోలేదు. ఎలా తీరిందో వెనక్కి తిరిగి చూసుకుని, ఒక్కో వాక్యంగా రాసి పెట్టుకునేవాడు.

ఆయన స్నేహితుడు పీటర్ ష్మిట్ చిత్రకారుడు. 1931లో బెర్లిన్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డాడు. ఈనో కంటే 17 ఏళ్లు పెద్ద. ఆయన కూడా, పనిలో తనకు తట్టిన 55 మాటలను 1970లోనే అచ్చు వేసి ఒక పెట్టెలో పెట్టాడు. విడివిడిగా చేసుకున్న ఈ రెండు పోగులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, కొన్ని మాటలు దాదాపు ఒకటే! ఒకరిది రంగుల పని, ఇంకొకరిది ధ్వని పని. అయినా ఇద్దరూ ఆగిపోయిన చోట్లు ఒకటే, బయటపడిన దారులూ ఒకటే. ఈ కథలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఇదే.

రెంటినీ కలిపి 1975 జనవరిలో పేకలా అచ్చు వేశారు. పేరు ‘ఆబ్లిక్ స్ట్రాటజీస్’. మొదట 500 పెట్టెలు, ఒక్కోదానిలో నూటికి పైగా ముక్కలు. పని ఆగినప్పుడు ఒకటి తీయాలి. అందులో ఉన్నది ఎందుకో అర్థం కాకపోయినా, నమ్మి చేసి చూడాలి. జరిగిన పొరపాటును కావాలని చేసినట్టే గౌరవించమంటుంది ఒక ముక్క. చూడటానికి చిలక జోస్యంలా ఉంటుంది కానీ, ఇక్కడ ముక్క భవిష్యత్తు చెప్పదు. స్థిమితంగా ఉన్నప్పుడు మనిషి తెలుసుకున్నదాన్ని, కంగారుపడుతున్న అదే మనిషికి అందిస్తుంది.

1977లో బెర్లిన్‌లో డేవిడ్ బోవీ ‘హీరోస్’ ఆల్బమ్ చేస్తున్నప్పుడు, ‘సెన్స్ ఆఫ్ డౌట్’ అనే బాణీ కోసం బోవీ, ఈనో చెరొక ముక్క తీశారు. ఏం వచ్చిందో ఒకరికొకరు చెప్పుకోలేదు. వంతులవారీగా పని చేశారు. అన్నిటినీ వీలైనంత ఒకేలా చేయమని ఈనో ముక్క. తేడాలను ఎత్తి చూపమని బోవీ ముక్క. ఒకరు నునుపు చేస్తే ఇంకొకరు గరుకు చేశారన్నమాట. పియానో మీద మెట్లు దిగినట్టు వినిపించే ఆ నాలుగు స్వరాలు, వాటి చుట్టూ కమ్ముకున్న అనుమానం, ఆ పెనుగులాటలోంచి వచ్చినవే.

నాకు ఇంకా గొప్పగా అనిపించేది, వాళ్లు ఆ పేకను శాసనంగా మార్చకపోవడం. 1978లో, 1979లో మళ్లీ అచ్చు వేసినప్పుడు కొన్ని ముక్కలు తీసేశారు, కొత్తవి చేర్చారు. తమ పని మారుతుంటే తమ సలహాలూ మారాలనుకున్నారు. 1980 జనవరిలో ష్మిట్ 48 ఏళ్లకే చనిపోయాడు. పేక మాత్రం అక్కడ ఆగలేదు. 1996లో వచ్చిన కూర్పులో కూడా ఈనో ముక్కలు మార్చాడు.