రోడ్డు గుంతల్లో పోసిన రాళ్లలో బంగారం.. కాలవరైట్‌ను గుర్తుపట్టేదిలా!

ఆస్ట్రేలియాలోని కాల్గూర్లీలో 1893లో పసిడి వేట మొదలైంది. అక్కడ ఫూల్స్ గోల్డ్ అనుకుని రోడ్ల గుంతల్లో పోసిన రాళ్లలో కాలవరైట్ ఉందని 1896లో తేలింది. టెల్లూరియం కలిసిన ఈ అరుదైన ఖనిజంలో 40 శాతానికి పైగా బంగారమే! అంతే.. జనం రోడ్లే తవ్వేశారు.

గుర్తుపట్టడం ఎలా?

* రంగు: లేత ఇత్తడి లేదా వెండి మెరుపు.
* కత్తితో గీస్తే గీత పడుతుంది. ఫూల్స్ గోల్డ్ అనే పైరైట్‌పై పడదు.
* అదే సైజు పైరైట్ కంటే దాదాపు రెట్టింపు బరువు.
* చిన్న ముక్కను సుత్తితో కొడితే పొడి అవుతుంది. అసలు బంగారమైతే సాగుతుంది.

సేకరించేటప్పుడు పెళుసు కాబట్టి చుట్టూ ఉన్న రాయితో సహా తీయాలి. దొరికిన చోటు రాసిపెట్టుకోవాలి. ఇంట్లో కాల్చి చూడొద్దు, టెల్లూరియం పొగ విషం. ఫైనల్‌గా తేల్చాల్సింది ల్యాబే.